మహారాజశ్రీ వంశవృక్షం గారికి

న్యూయార్క్ నగరంలోని ఐదు ఇటాలియన్-అమెరికన్ మాఫియా కుటుంబాల వంశవృక్షం గారి సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. మీ కొమ్మల్లో మంచం మీద కన్నుమూసినవాళ్ళు తక్కువే కదా.

పోయినేడు మా నాన్నగారి ఆబ్దికంలో పంతులుగారు "తండ్రి పేరు?" అన్నారు. చెప్పాను. "తాతగారు?" చెప్పాను. "ముత్తాతగారు?" అన్నారు. పవిత్రం పెట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. ముత్తాత పేరు రాలేదు. దానికి బదులు మంగానో, అనస్తాసియా, గాంబినో, కాస్టెల్లానో, గాటీ అని ఐదు తరాలు వరసపెట్టి గొంతు దాకా వచ్చాయి. నోరు తెరిచి ఉంటే బ్రూక్లిన్ రేవు రౌడీలకి మా పెరట్లో తిలోదకాలు అందేవి. రాత్రి రెండింటి దాకా మీ గురించి చదివి చదివి తెచ్చుకున్న జబ్బు ఇది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇంటిపేర్ల సంగతి తేల్చుకుందాం. జెనోవీస్, గాంబినో, లుకేసీ, బొనానో, కొలంబో అని ఎంత దర్జాగా చెప్పుకుంటారు! ఏ మూలపురుషుడి పేర్లో అనుకున్నాను. తీరా చూస్తే 1963లో జోసెఫ్ వలాచీ అనే మీ సైనికుడొకడు సెనేట్ కమిటీ ముందు, టీవీ కెమెరాల ఎదుట కూర్చుని గుట్టంతా విప్పేనాటికి ఎవరు పెద్దగా ఉంటే వాళ్ళ పేరే ఆ ఇంటికి స్థిరపడిపోయింది. ఐదో ఇల్లు మాత్రం అప్పటికింకా ప్రొఫాచీ పేరు మీదే ఉంది. తర్వాత కొలంబో వచ్చాడు, బోర్డు మారింది. అంటే మీ ఇళ్ళకి నామకరణం చేసింది ఒక వేగు, రిజిస్టర్లో ఎక్కించింది పోలీసులు.

మా ఊళ్ళలో ఒకప్పుడు వంశాలు పాడేవాళ్ళు వచ్చేవారు. అరుగు మీద చాప వేస్తే ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పి, చేటెడు బియ్యం పట్టుకెళ్ళేవారు. మీకు ఆ సేవ ఎఫ్‌బీఐ చేసింది. గోడ మీద ఫోటోలంటించి, పైన బాస్, కింద అండర్‌బాస్, పక్కన సలహాలు చెప్పే కాన్సిలియేరీ, ఆ కింద ఒక్కో క్రూకి, అంటే ఒక్కో చిన్న జట్టుకి, ఒక్కో కాపో, అట్టడుగున సైనికులు అని గీతలు గీసి మిమ్మల్ని పెంచి పెద్ద చేసింది వాళ్ళే. మీవాళ్ళేమో కాగితం మీద ఒక్క ముక్క రాసుకోరు.

క్రూ అంటే ఏమిటో మా బావమరిదికి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. పాతకాలంలో కాపోని కాపోదెచీనా అనేవారు, పదిమందికి పెద్ద అని అర్థం. సైనికుడు సంపాదించినదాంట్లో కాపోకి వాటా, కాపో దాంట్లోంచి పైకి వాటా. డబ్బు ఎప్పుడూ కొండెక్కుతుంది, జైలుశిక్ష ఎప్పుడూ కొండ దిగుతుంది. "ఇది మా ఆఫీసే కదా!" అన్నాడు మా బావమరిది. నేను మాట మార్చాను.

ఇక వారసత్వం. రాజుగారి తర్వాత పట్టం ఎవరికి అంటే మామూలుగా కొడుక్కి, లేదంటే తమ్ముడికి. గాంబినో కొమ్మలో లెక్క వేరు. విన్సెంట్ మంగానో 1951లో మాయమయ్యాడు, శవం కూడా దొరకలేదు. తమ్ముడి శవం మాత్రం బ్రూక్లిన్ చిత్తడినేలలో దొరికింది. కుర్చీలోకి అండర్‌బాస్ ఆల్బర్ట్ అనస్తాసియా వచ్చాడు. ఆరేళ్ళు గడిచాయి. 1957 అక్టోబర్ 25 పొద్దున ఆయన పార్క్ షెరటన్ హోటల్ సెలూన్‌లో, మెడకి గుడ్డ కట్టించుకుని కుర్చీలో వాలాడు. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు లోపలికొచ్చి కాల్చారు. ఎవరన్నది ఈనాటికీ కోర్టులో తేలలేదు. కుర్చీలోకి మాత్రం కార్లో గాంబినో వచ్చాడు.

ఈ కార్లోగారి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈయన మనకి అర్థమయ్యే మనిషి. ఆయన చేసుకున్నది మేనరికం. తల్లి కాస్టెల్లానోల ఆడపడుచు, భార్య కూడా కాస్టెల్లానోల పిల్లే. కొడుక్కేమో లుకేసీ ఇంటి పెద్ద టామీ లుకేసీ కూతుర్ని తెచ్చుకున్నాడు. రెండు ముఠాల నాయకులు వియ్యంకులు! 1962లో జరిగిన ఆ పెళ్ళిలో అప్పగింతలు ఎలా జరిగాయో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఇంత సంబంధ బాంధవ్యాలు చూసుకున్న మనిషి కాబట్టే కాబోలు, 1976లో తన ఇంట్లో, టీవీ ముందు, గుండె ఆగి పోయాడు. మీ దగ్గర అది చాలా గొప్ప చావు.

పోతూ పోతూ ఆయనా తప్పు చేశాడు. దెలాక్రోచే అనే అండర్‌బాస్ ఏళ్ళ తరబడి కాచుకుని ఉండగా కుర్చీని బావమరిది పాల్ కాస్టెల్లానోకి ఇచ్చాడు. అది నిజంగా చుట్టరికం చూసి ఇచ్చిన పట్టం. కొంప ముంచింది కూడా అదే. పాల్‌గారు మాంసం, కోళ్ళ వ్యాపారం చేసుకునే పెద్దమనిషి. స్టేటెన్ ఐలాండ్ గుట్ట మీద వైట్‌హౌస్‌ని పోలిన బంగళా కట్టుకున్నాడు. ఎవరైనా మత్తుమందు అమ్మితే చంపేస్తానన్నాడు. క్వీన్స్‌లో బెర్గిన్ హంట్ అండ్ ఫిష్ క్లబ్ అనే చిన్న కొట్టులాంటి చోట కూర్చునే జాన్ గాటీ క్రూ వాళ్ళు మాత్రం హెరాయిన్ అమ్ముతూ టేపుల్లో దొరికారు. (ఆ క్లబ్బులో వేటా లేదు, చేపలూ లేవు. పేకాట ఉండేది.) 1985 డిసెంబర్ మొదట్లో దెలాక్రోచే క్యాన్సర్‌తో పోతే కాస్టెల్లానో చూపుకి కూడా వెళ్ళలేదు. చావుకి రాని చుట్టాన్ని మా ఊళ్ళో ఏళ్ళ తరబడి తిట్టుకుంటారు. గాటీ మనుషులు రెండు వారాలే ఆగారు. 16వ తేదీ సాయంత్రం మాన్‌హటన్ 46వ వీధిలో స్పార్క్స్ స్టేక్ హౌస్ ముందు కాస్టెల్లానో కారు దిగుతుంటే కాల్చేశారు. గాటీ అదే వీధిలో కారులో కూర్చుని చూసి, మెల్లగా ఆ పక్కనుంచే పోనిచ్చాడు.

తర్వాత గాటీగారి వైభవం. ఖరీదైన సూట్లు, పత్రికల వాళ్ళకి చిరునవ్వులు. వారం వారం కాపోలందరూ మల్‌బరీ వీధిలోని రావెనైట్ క్లబ్బుకి వచ్చి దర్శనం చేసుకోవాలని హుకుం. ఎఫ్‌బీఐ వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? కెమెరా పెట్టుకుని ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎవర్ని ముద్దుపెట్టుకున్నారు అని హాజరుపట్టీ వేసుకున్నారు. క్లబ్బు పైనున్న ఫ్లాట్‌లో మైకు కూడా పెట్టారు. చివరికి పక్కనే కూర్చున్న అండర్‌బాస్ సామీ గ్రవానో సాక్షి అయ్యాడు. పందొమ్మిది హత్యల్లో తన చెయ్యి ఉందని ఒప్పుకుని ఐదేళ్ళ శిక్షతో సరిపెట్టుకున్నాడు. గాటీకి 1992లో యావజ్జీవం పడింది. పదేళ్ళకి జైలు ఆసుపత్రిలోనే పోయాడు.

అదే ఊళ్ళో జెనోవీస్ ఇంటిపెద్ద విన్సెంట్ జిగాంటే మాత్రం స్నానాల కోటు, చెప్పులు వేసుకుని గ్రీనిచ్ విలేజ్ వీధుల్లో గొణుక్కుంటూ తిరిగేవాడు. పిచ్చివాడనుకోవాలని. తన పేరు పలకొద్దని మనుషులకి ఆజ్ఞ, గడ్డం తాకి చూపిస్తే చాలు. ఏళ్ళ తరబడి ఆడిన ఆ నాటకాన్ని 2003లో కోర్టులో తనే ఒప్పుకున్నాడు. నన్నడిగితే మీ చెట్టు మొత్తానికి తెలివైన కొమ్మ ఇదే.

మాట బయటికి పోకూడదన్న మీ ఒమెర్తా గురించి కూడా ఒక మాట. బొనానో ఇంటి పాత పెద్ద జో బొనానో 1983లో సొంత జీవితకథ అచ్చేయించాడు. పెద్దల కమిషన్ ఎలా పనిచేస్తుందో అందులో చదివిన ప్రాసిక్యూటర్లకి అది ఆ కమిషన్ మీద పెట్టిన కేసుకి పనికొచ్చింది. 1986లో ఆ కేసులో పెద్ద తలలు పడ్డాయి. ఆ పుస్తకం మీద కోపంతో, తర్వాత ఆ ఇంటికి పెద్దయిన జోసెఫ్ మసీనో ఇంటిపేరే తీసేసి, బొనానో అనకండి, మసీనో కుటుంబం అనండి అన్నాడు. పౌరుషం అంటే అదీ! కాకపోతే తర్వాత ఐదు కుటుంబాల బాసుల్లో మొట్టమొదటి ప్రభుత్వ సాక్షి ఆయనే అయ్యాడు.

మీ న్యూ ఇంగ్లండ్ చుట్టాలు ఇంకా నయం. 1989 అక్టోబర్ 29న బోస్టన్ దగ్గర మెడ్‌ఫర్డ్‌లో ఒక ఇంట్లో కొత్తవాళ్ళకి ఉపనయనం చేశారు. వేలు గుచ్చి నెత్తురు చుక్క తీశారు, అరచేతిలో పునీతుడి బొమ్మ కాల్చారు, రహస్యం చెబితే ఇలా కాలిపోతానని ఒట్టు వేయించారు. అంతా అయ్యాక ఇల్లు సర్దుతూ ఒకాయన, ఈ రోజు ఇక్కడ ఏం జరిగిందో దయ్యానికే తెలియాలి అన్నాడు. ఎఫ్‌బీఐ అనే దయ్యం మైకు పెట్టి ఆ మాటతో సహా రికార్డు చేసుకుంది.

ఇంతకీ ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలా అని చాలా ఆలోచించాను. క్లబ్బులు మూతపడ్డాయి. ఎఫ్‌బీఐ గోడకి పోస్టు చేస్తే నా ఫోటో కూడా అంటిస్తారేమోనని టెన్షన్. చివరికి క్వీన్స్‌లోని మిడిల్ విలేజ్, సెయింట్ జాన్ శ్మశానం అని రాశాను. మీ ఐదిళ్ళని ఏర్పాటు చేసి, 1931 సెప్టెంబర్‌లో ఆఫీసులోనే హతమైన మరంజానో అక్కడే, ఆయన్ని చంపించి పెద్దల కమిషన్ పెట్టిన లూసియానో అక్కడే. ప్రొఫాచీ, జెనోవీస్, గాంబినో, కొలంబో, గాటీ కూడా ఆ ఆవరణలోనే. కుటుంబం కుటుంబమంతా ఒక్క పిన్‌కోడ్‌లో దొరికే చోటు వేరే కనపడలేదు.

ఇట్లు,
ముత్తాత పేరు మరిచిన మనవడు

తా.క. మొన్న మా మేనత్తకి ఫోన్ చేసి ముత్తాతగారి పేరు అడిగాను. చెప్పింది. ఏం చేసేవారత్తా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అవన్నీ ఫోన్లో ఎందుకురా, ఇంటికి రా" అంది.