స్లో నిలబడటం లేదండీ

మొన్నటి గాలివానకి మా వీధి మొదట్లో ఉన్న నిద్రగన్నేరు రోడ్డుకి అడ్డంగా పడింది. పడగానే అందరూ తిన్నగా మా ఇంటికొచ్చారు. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు పడిపోయినప్పుడు, చెట్లు కోసేవాళ్లు దొరక్క, దొరికినవాళ్లు చెప్పిన రేటు వినలేక, నేనే ఓ పెట్రోలు రంపం మిషను కొనేశాను. అప్పట్నుంచి ఊళ్లో నాకు కాస్త గౌరవం ఉంది. ఆ గౌరవం ఎంతసేపు నిలిచిందంటే, చోక్ పెట్టి, తాడు లాగి, మిషను గర్జించి, రేసు మీద నుంచి వేలు తీసే వరకూ. వేలు తీశాను, టప్పున ఆగిపోయింది.

మళ్లీ లాగాను, మళ్లీ టప్. రేసు ఇచ్చినంతసేపూ ఊరంతా వినపడేలా అరుస్తుంది, వదిలితే చచ్చిపోతుంది. ఒక కొమ్మ కోసి రెండో కొమ్మ దగ్గరికి వెళ్లేలోగా మిషను స్లోలో, అంటే రేసు ఇవ్వకపోయినా ఆగకుండా, ఆడుతూ ఉండాలి, చైను మాత్రం కదలకూడదు, అదీ దాని ధర్మం. కొమ్మకోసారి తాడు లాగుతూ కూర్చుంటే చెట్టు కంటే ముందు నా భుజం ఊడుతుంది.

చుట్టూ చేరినవాళ్లు తలో సలహా ఇచ్చారు. ఎయిర్ ఫిల్టరు దులిపాను. ప్లగ్గు తీసి గీకి, అర మిల్లీమీటరు గ్యాపు ఉందో లేదో చూశాను. ట్యాంకులో ఉన్నది పారబోసి, లీటరుకి 20 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్ కలిపి కొత్త పెట్రోలు పోశాను. పక్కన ఇంజన్లోకి వెళ్లే పెట్రోలు, గాలి సవరించే ఎల్, హెచ్, ఎల్ఏ అని మూడు స్క్రూలుంటాయి, వాటిలో ఎల్ఏని కుడివైపు తిప్పితే స్లో పెరుగుతుంది. తిప్పాను, పెరిగింది, ఆగడం మానేసింది. కానీ రేసు ముట్టుకోకుండానే చైను దానంతటదే తిరగడం మొదలెట్టింది. చుట్టూ ఉన్న సలహాదారులు ఒక్కసారిగా మూడు గజాలు వెనక్కి జరిగారు. స్క్రూ మళ్లీ యథాస్థానానికి తెచ్చి, వారంటీ ఉంది కదా అని కంపెనీకి ఫోన్ చేశాను.

ఆ ఫోన్‌లో ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, సంగీతం విని, చివరికి ఓ కుర్రాడు దొరికాడు. "స్లో నిలబడటం లేదండీ" అన్నాను. "పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది కదా సార్, దానివల్లే" అన్నాడు. బంకుల్లో ఇప్పుడు పోసేదంతా 20 శాతం ఇథనాల్ కలిపిందే, మరి నేను పెట్రోలు ఎక్కడ తవ్వుకోవాలి బాబూ అంటే, అది మా పరిధిలోకి రాదన్నాడు. ఫిర్యాదు నమోదు కావాలంటే వీడియో పంపాలట. మిషను ఐడ్లింగ్‌లో, అదే మన స్లోలో, ఆడుతుండగా, సీరియల్ నంబరు కనపడేలా, ఆపకుండా 30 సెకన్లు.

"అది ఐడ్లింగ్‌లో ఆడదనే కదా నా ఫిర్యాదు?" అన్నాను.

"ఆడుతుంటే తీసి పంపండి సార్, లోపం ఏంటో చూస్తాం."

"ఆడితే లోపమేముంది?"

"లోపం లేకపోతే ఫిర్యాదు ఎందుకు సార్?"

ఇలా ఎంతసేపు తిరిగామో గుర్తులేదు. ఆగిపోయే వీడియో పంపితే యాప్ తీసుకోలేదు, '30 సెకన్ల కంటే తక్కువ' అని ఎర్రక్షరాలు. ఆగిపోయాక కూడా తీస్తూ 30 సెకన్లు నింపాను. 'శబ్దం గుర్తించబడలేదు' అంది.

అప్పుడు మా బాబాయికి ఆలోచన వచ్చింది. ఆయన దగ్గర పాత చేతక్ స్కూటర్ ఉంది, పెళ్లయిన కొత్తలో కొన్నది. "ఆయ్, అదీ టూ స్ట్రోకే, ఇదీ టూ స్ట్రోకే, ఒకటే జాతి కదరా" అన్నాడు. ప్రహరీ గోడకి అటువైపు బాబాయి, స్కూటరు. ఇటువైపు అరుగు మీద మిషను, దాని వెనక నేను, సీరియల్ నంబరు మీద ఫోన్ పెట్టి మా ఆవిడ. స్కూటరు ఆడుతోంది, అబ్బ, ఏం స్లో అండీ అది, ముత్యాల్లా పడుతోంది చప్పుడు. గోడ మీంచి పొగ కూడా సరిగ్గా మిషను వెనక్కే వస్తోంది, దేవుడే పంపినట్టు. నేను మిషను హ్యాండిల్ పట్టుకుని సన్నగా వణికిస్తున్నాను, ఆడుతున్న మిషను కదలకుండా ఉంటే నమ్మరు కదా. ఇరవై సెకన్లు దాటాయి. సరిగ్గా అప్పుడే వీధిలో పోతున్నవాళ్లెవరో "ఈ బండి ఇంకా కదులుతుందేంటండీ?" అన్నారు. బాబాయికి పౌరుషం వచ్చి రేసు ఇచ్చాడు. ఆగకుండా ఇచ్చాడు. ఇక్కడ కెమెరా తిరుగుతోంది, చచ్చిన మిషను గర్జిస్తోంది. నాకేం తోచక నేనూ రేసు నొక్కి, కళ్లు పెద్దవి చేసి, మొహం బిగించి, స్కూటరు తగ్గగానే తగ్గించి, మళ్లీ పెరగ్గానే పెంచి, ఎవరో పాడుతుంటే పెదాలాడించే హీరోలా మిగతా సెకన్లు లాక్కొచ్చాను. మా ఆవిడ ఫోన్ కదలకుండా పట్టుకుంది గానీ, నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. యాప్ మాత్రం వీడియో ఠక్కున తీసుకుంది.

మర్నాడు జవాబొచ్చింది. 'మీ మిషను ఐడ్లింగ్ సక్రమంగా ఉన్నది. అయితే శబ్దాన్ని బట్టి ఒరిజినల్ కాని సైలెన్సర్ అమర్చినట్లు గుర్తించడమైనది. కావున వారంటీ వర్తించదు.'

ఇది చదివి వినిపిస్తే నాకంటే బాబాయికే ఎక్కువ కోపం వచ్చింది. ఆ సైలెన్సర్ కంపెనీదేనని, బిల్లు కూడా ఉందని, వాళ్లకి ఫోన్ కలపమని కూర్చున్నాడు.

మిషను సంగతికొస్తే, అమలాపురంలో మోటార్లు బాగుచేసే కుర్రాడు వీడియో అడగలేదు. మూత విప్పి, ట్యాంకు నుంచి కార్బురేటరుకి వెళ్లే పెట్రోలు పైపు వంచి చూపించాడు, వంపులో వెంట్రుకంత చీలిక. అక్కడ గాలి లాగేస్తోంది, రేసులో ఎలాగోలా నెట్టుకొస్తుంది, స్లోలోకి రాగానే చాలదు. పైపు మార్చి, ఎల్ స్క్రూ కాస్త సవరించి, ఎల్ఏ చైను కదలనంత వరకు పెట్టి ఇచ్చాడు. చెట్టు ఈలోగా పంచాయతీవాళ్లు తీసేశారు.

ఇప్పుడు కంపెనీ నుంచి రోజూ ఫోన్లు. ఫిర్యాదు మూసెయ్యాలంటే నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పాలట, లేకపోతే వాళ్ల లెక్కల్లో పెండింగ్ చూపిస్తుందట, పైవాళ్లు తిడుతున్నారట. నిన్నటి పిల్ల పాపం చాలా మర్యాదగా అడిగింది. ఓటీపీ చెబుతూ మీరు 30 సెకన్ల వీడియో పంపండమ్మా, చూసి చెబుతానన్నాను.