టమ్మీ టక్‌కు తేదీ కంటే ముందు తోడు ఖాయం కావాలి

ఆపరేషన్‌కు ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో. టమ్మీ టక్ అంటే వదులై వేలాడే పొట్ట చర్మాన్ని కోసి తీసి, పొట్టను బిగించే ఆపరేషన్. దాని గురించి చాలామందికి తెలిసింది ఆ రెండు ఫొటోలే. మొదటిదాంట్లో వేలాడే పొట్ట, రెండోదాంట్లో నున్నటి నడుము. మధ్యలో గడిచిన నెలలను ఎవరూ ఫొటో తీసి పెట్టరు. నడుము వంచుకుని నడిచిన రోజులు, పొట్ట కింది నుంచి బయటికి వచ్చిన గొట్టాలు, పక్క మీద నుంచి లేవడానికి ఇంకొకరి చెయ్యి కోసం చూసిన రాత్రులు ప్రచారంలో కనబడవు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక, వదులైపోయిన చర్మాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఇంకా ఎక్కువమందికి ఎదురవుతోంది. అందుకే ఈ మాట ఇప్పుడు గట్టిగా చెప్పాలి. ఈ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం. కానీ ఆ తర్వాతి ఆరు వారాలు తమ పనులు ఎవరు చూసుకుంటారో తేలకుండా తేదీ ఖాయం చేసుకోవడం తప్పు. అలా తేదీ ఇచ్చే డాక్టర్‌ది ఇంకా పెద్ద తప్పు.

ఇది చిన్నా చితకా ఆపరేషన్ కాదు. సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి రెండు నుంచి నాలుగు గంటలు చేస్తారు. పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత పెడతారు. చర్మాన్ని, కొవ్వును కండరాల మీద నుంచి విడదీస్తూ పైకి పక్కటెముకల వైపు వెళ్తారు. కాన్పుల వల్లో, బరువు వల్లో ఎడంగా జరిగిపోయిన రెండు నిలువు కండరాలను దగ్గరికి లాగి లోపల కుట్లు వేస్తారు. ఆ తర్వాత చర్మాన్ని కిందికి లాగి, మిగిలింది కోసేసి, బొడ్డును కొత్త చోట అమర్చి కుడతారు. అమెరికాలో హోవార్డ్ కెల్లీ అనే సర్జన్ వేలాడే పొట్టను కోసి తీసింది 1899లో. అప్పటి నుంచి కోత, కుట్టు, మత్తు అన్నీ ఎంతో మెరుగుపడ్డాయి. కోసిన కండ మానడానికి పట్టే కాలాన్ని మాత్రం ఎవరూ పెద్దగా తగ్గించలేకపోయారు.

ముందు జాగ్రత్తలు చాలావరకు అందరూ విన్నవే. కనీసం ఆరు నెలలుగా బరువు ఒకే చోట నిలిచి ఉండాలి. ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఆగడం మంచిది, ఎందుకంటే మళ్లీ గర్భం వస్తే బిగించిన కండరాలు సాగిపోతాయి. షుగర్ అదుపులో ఉండాలి, రక్తహీనత ఉంటే సరిచేసుకోవాలి. బాగా బరువు తగ్గినవాళ్లలో ప్రొటీన్, ఐరన్ లోపాలు తరచూ కనిపిస్తాయి, అవి పూడకుండా గాయం సరిగ్గా మానదు. ఆస్పిరిన్, కొన్ని నొప్పి మాత్రలు, మూలికల మందులు రక్తస్రావం పెంచుతాయి. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఏదీ ఆపకూడదు.

సిగరెట్ సంగతి వేరు. దాన్ని ఈ జాబితాలో ఒకటిగా చదివి వదిలేయకూడదు. ఈ ఆపరేషన్‌లో పొట్ట చర్మాన్ని కింద నుంచి విడదీసేసరికి దానికి రక్తం అందించే నాళాలు చాలా తెగిపోతాయి. మిగిలిన కొద్ది నాళాలతోనే ఆ చర్మమంతా బతకాలి. నికోటిన్ ఆ కొద్దిపాటి నాళాలనూ బిగిస్తుంది. అప్పుడు కోత మధ్యలో, అంటే రక్తం అందడం అన్నిటికంటే కష్టమైన చోట, చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. నెలల తరబడి డ్రెస్సింగులు, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్. కనీసం నాలుగు వారాల ముందు నుంచి, తర్వాత ఇంకో నాలుగు వారాలు పూర్తిగా మానేయమని చెప్పేది అందుకే. సిగరెట్ మానడానికి వాడే ప్యాచ్‌లు, చూయింగ్ గమ్, వేపింగ్‌లోనూ ఉండేది అదే నికోటిన్. సిగరెట్ మానేశానని చెప్పి ఇవి వాడుతుంటే చర్మానికి ముప్పు పూర్తిగా తప్పినట్టు కాదు. ఈ సంగతి డాక్టర్ దగ్గర దాచేవాళ్లు ఆయన్ని మోసం చేస్తున్నామనుకుంటారు. చివరికి నష్టపోయేది వాళ్ల పొట్టే.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల విషయమూ అంతే. సెమాగ్లూటైడ్ లాంటి మందులు తిన్నది కడుపులోంచి కిందికి వెళ్లే వేగాన్ని తగ్గిస్తాయి. నియమం ప్రకారం ఏమీ తినకుండా వచ్చినా కడుపులో ఆహారం మిగిలి ఉండొచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్‌ను వారం ముందు ఆపాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో సూచించింది. 2024లో మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి దాన్ని సడలించి, ఒక్కొక్కరి పరిస్థితి చూసి నిర్ణయించాలంది. ఏ పద్ధతైనా, మందు వాడుతున్నట్టు మత్తు డాక్టర్‌కు తెలిస్తేనే పనిచేస్తుంది.

ఈ దాపరికమే అసలు జబ్బు. గుండె ఆపరేషన్ అయితే నలుగురికీ చెబుతారు, పిత్తాశయం తీయించుకున్నా చెబుతారు. టమ్మీ టక్ దగ్గరికి వచ్చేసరికి గుట్టుగా కానిచ్చేద్దామని చూస్తారు. ఆఫీసులో వారం సెలవు పెట్టి టూరు అని చెప్పేవాళ్లు, అత్తింటివాళ్లకు తెలియకూడదని పట్టుబట్టేవాళ్లు, ఆఖరికి పెద్ద పిల్లలకు కూడా చెప్పనివాళ్లు ఉన్నారు. అందం కోసం ఇంత అవసరమా అని ఎవరైనా అంటారేమోనన్న భయం అది. ఆ భయానికి కారణం ఉంది, కాదనను. కానీ దాని ఫలితం చూడండి. విషయం తెలియనివాళ్లు సాయం చేయలేరు. సాయం లేనివాళ్లు విశ్రాంతి తీసుకోలేరు. విశ్రాంతి లేని పొట్టలో కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, నీరు చేరుతుంది, వాపు దిగదు. ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో కొన్ని కత్తి వల్ల వచ్చినవి కావు, గుట్టు వల్ల వచ్చినవి.

మొదటి వారం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ మాట బోధపడుతుంది. పక్క మీద వెల్లకిలా, తల వైపు ఎత్తు పెట్టుకుని, మోకాళ్ల కింద దిండ్లతోనే పడుకోవాలి. తిన్నగా చాపుకుంటే కుట్లు లాగుతాయి. లేవాలంటే పొట్టను వాడకూడదు కాబట్టి ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లను మంచం అంచు దాటించి, మోచేతిని, అరచేతిని ఆనించి మెల్లగా కూర్చోవాలి. లేచాక కూడా నిటారుగా నిలబడలేరు, వారం పది రోజులు ముందుకు వంగే నడవాలి. దాంతో నడుము నొప్పి మొదలవుతుంది. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా దిండును పొట్టకు అదుముకోవాలి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కకుండా ఉండాలంటే దానికీ మందు కావాలి.

లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే గొట్టాలు, అంటే డ్రెయిన్లు పెడితే అదో పని. కోత దగ్గర నుంచి బయటికి వచ్చిన సన్నటి గొట్టం చివర కోడిగుడ్డంత ప్లాస్టిక్ బల్బు ఉంటుంది. రోజుకు రెండు మూడు సార్లు గొట్టాన్ని పైనుంచి కిందికి వేళ్లతో నొక్కుతూ లాగి గడ్డలేమైనా ఉంటే జార్చాలి. మూత తీసి, లోపలి ద్రవాన్ని కొలగిన్నెలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోవాలి. బల్బును నొక్కి గాలి పోగొట్టి, అలా నొక్కి పట్టుకునే మూత బిగించాలి. మొదట ఎర్రగా వచ్చేది రోజులు గడిచేకొద్దీ గడ్డి రంగుకు తిరగాలి. సాధారణంగా రోజుకు 30 మిల్లీలీటర్ల లోపు పడిపోతే గొట్టం తీసేస్తారు. నొప్పి మాత్రల మత్తులో, కిందికి వంగి పొట్ట చూసుకోలేని మనిషి ఇదంతా ఒంటరిగా ఎలా చేస్తారు?

బరువులు ఎత్తకూడదన్న నియమం అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే ఎక్కువగా తప్పేది కూడా అదే. ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు మించి ఎత్తొద్దని డాక్టర్లు చెబుతారు. కండరాలను దగ్గరికి లాగి వేసిన కుట్లు నిలవాలంటే అక్కడ కొత్త కణజాలం గట్టిపడాలి, దానికి వారాలు పడుతుంది. ఏడాది నిండిన బిడ్డ తొమ్మిది పది కిలోలు ఉంటాడు. ఏడుస్తూ చేతులు చాపితే ఏ తల్లీ నియమం గుర్తు చేసుకుని ఆగదు. నీళ్ల బకెట్, తడి బట్టల బుట్ట, నిండిన కుక్కర్ ఇవేవీ ఇంట్లో ఎవరి దృష్టిలోనూ బరువులు కావు. రెండో వారానికి నొప్పి తగ్గి, మనిషి కాస్త తేరుకున్నట్టు కనబడగానే ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆమె చేతిలో పడతాయి.

ఇదంతా జనాన్ని భయపెట్టడమే అనేవాళ్లున్నారు. చర్మాన్ని లోపలి నుంచే కుట్లతో పట్టి ఉంచే పద్ధతుల్లో డ్రెయిన్లే అక్కర్లేదు, ఎంతోమంది అదే రోజు ఇంటికి వెళ్తున్నారు, రెండు వారాల్లో కుర్చీ ఉద్యోగానికి తిరిగి వెళ్లేవాళ్లూ ఉన్నారు అంటారు. నిజమే. మంచానికి అతుక్కుపోకూడదన్నదీ నిజమే. ఆపరేషన్ అయిన రోజే లేపి నాలుగడుగులు వేయిస్తారు. కానీ అదే రోజు ఇంటికి పంపడమంటే నర్సు చేసే పని ఇంట్లోవాళ్ల మీద పడటమే. కొత్త పద్ధతులతో ఆస్పత్రిలో ఉండే గంటలు తగ్గాయంటే, ఇంట్లో తోడు అవసరం ఇంకా పెరిగినట్టే.

ఆ నాలుగడుగులకు ఇంకో కారణం ఉంది. సౌందర్య ఆపరేషన్లలో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ఒకటి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కోత చుట్టూ పాకే ఎరుపు, చెడు వాసన వచ్చే ద్రవం, నల్లబడే చర్మం, ఒక పక్క హఠాత్తుగా ఉబ్బడం కనిపిస్తే అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయాలి. వీటిని కనిపెట్టాల్సింది రోగి ఒక్కరే అయితే ఆలస్యం అవుతుంది. పక్కన ఇంకో జత కళ్లు ఉండాలి.

నిజానికి టమ్మీ టక్ ఒక్కదానికే పరిమితమైన సమస్య కాదిది. సిజేరియన్ అయినా, గర్భసంచి తీసేసినా, హెర్నియాకు కుట్లు పడినా జరిగేది ఇదే. ఇంటి పనిని పనిగా లెక్కవేయని చోట దానికి సెలవు అన్నదే ఉండదు. డాక్టర్ చీటీలో విశ్రాంతి అని రాసి ఉంటుంది. ఇంట్లో దాన్ని సలహాగా తీసుకుంటారు, మందులా చూడరు. యాంటీబయోటిక్ ఒక పూట మానితే కంగారు పడేవాళ్లే, ఆమె మధ్యాహ్నం నడుము వాల్చితే ఇంకా ఎన్నాళ్లని అడుగుతారు. అందం కోసం చేయించుకున్న ఆపరేషన్ అయితే ఆ ప్రశ్నలో నిష్ఠూరం కూడా కలుస్తుంది: కోరి తెచ్చుకున్నావుగా, అనుభవించు అని. కోరి చేయించుకున్నా కోత కోతే. గాయం మానడానికి కావలసిన రక్తం, నిద్ర, తిండి, సమయం కారణాన్ని బట్టి మారవు. బరువు తగ్గి చర్మం వేలాడుతున్న మగవాళ్లూ ఈ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో మంచినీళ్లు చేతికి అందుతాయి. ఆడవాళ్లకు అదే సాయం అడిగి తీసుకోవాల్సి వస్తోంది.

మూడో వారం వచ్చేసరికి ఇంకో దెబ్బ తగులుతుంది. అద్దంలో ఫొటోలోని నడుము కనబడదు. వాపు ఉంటుంది, కోత ఎర్రగా ఉంటుంది, బొడ్డు కింద తాకితే స్పర్శ తెలియదు. వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది, మచ్చ రంగు తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చేవాళ్లు ఈ దశలోనే ఎక్కువ. గుట్టుగా చేయించుకున్నవాళ్లకు ఆ ఏడుపు చెప్పుకోవడానికి కూడా మనిషి ఉండరు.

కాబట్టి సర్జన్లు తమ పద్ధతి మార్చుకోవాలి. తొలి సంప్రదింపులోనే రక్త పరీక్షల కాగితంతో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగాలి. మొదటి రెండు రాత్రులు పక్కన ఎవరు ఉంటారు? డ్రెయిన్ ఎవరు చూస్తారు? బిడ్డను ఎవరు ఎత్తుకుంటారు? ఆఫీసుకు ఎన్ని వారాల సెలవు పెట్టారు? జవాబుగా చెప్పిన మనిషిని ఆపరేషన్‌కు ముందే పిలిపించి, డ్రెయిన్ ఖాళీ చేయడం చేతితో చేయించి చూడాలి. ప్రమాద సూచనల కాగితం, అర్ధరాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబర్ రోగితో పాటు ఆ మనిషి చేతికీ ఇవ్వాలి. జవాబులు దొరకకపోతే, అన్ని పరీక్షలూ బాగానే ఉన్నా సరే, తేదీ వాయిదా వేయాలి.