కలివికోడిని కనిపెట్టింది ఎవరు?

స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలార్ గనుల ప్రాంతంలో దొరికింది. అది కలివికోడి అనే అరుదైన పక్షి గుడ్డేనని 2013లో డీఎన్ఏ పరీక్ష చేస్తే గానీ తేలలేదు. ప్రపంచం మొత్తమ్మీద మనకు తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే.

మనకు మాత్రం ఇది కడప జిల్లా పక్షి. శాస్త్ర గ్రంథాల్లోకి 1848లోనే ఎక్కింది. 1900 తర్వాత కనబడకపోయేసరికి ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో, బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్లీ కనిపెట్టారు. కనిపెట్టారని రాస్తున్నాం గానీ, రాత్రిపూట లైటు వేసి పక్షిని పట్టి తెచ్చింది ఓ స్థానికుడు. పాపం, ఆ పక్షి బతకలేదు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి అక్కడివాళ్లు కలివికోడి అన్నారు. చూడకుండానే పేరు పెట్టారా మరి?

దీన్ని చూడటం మాత్రం మహా కష్టం. పగలంతా పొదల్లో నక్కి, చీకటి పడ్డాక బయటికొస్తుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య ఖాళీల్లో ఐదు మీటర్ల పొడవున మెత్తటి మట్టి జల్లించి పరిచేవారు. తెల్లారి వెళ్లి వంగి చూస్తే రాత్రి అటుగా పోయిన జీవాలన్నీ సంతకాలు పెట్టి ఉంటాయి. వాటి మధ్య వెనక వేలు లేని, మూడే వేళ్ల చిన్న అడుగు కోసం వెతకాలి. తీతువు జాతి పక్షుల అడుగు చూసి పొరపడే ప్రమాదమూ ఉంది.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత ఈ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. మంచిదే. కానీ దీనికి కావాల్సింది దట్టమైన అడవి కాదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఎత్తయిన పొదలుండే చోట్లే దీనికి నచ్చుతాయని పరిశోధనలో తేలింది. పొదలు చిక్కబడితే పరుగెత్తలేదు, పలచబడితే దాక్కోలేదు. పొదలు మేసే మేకల్ని పూర్తిగా తరిమేసినా చిక్కే, అడ్డూఅదుపూ లేకుండా వదిలేసినా చిక్కే. ఎన్ని మేకలు, ఏ కాలంలో అన్నది కాపరులను కూర్చోబెట్టి మాట్లాడితే గానీ తేలదు. అసలు దెబ్బ నిమ్మతోటలూ పొలాలూ కొట్టాయి. చిట్టడవిని చదును చేస్తే అడవి నరికారని ఎవరూ గోల పెట్టరు. మన దృష్టిలో అది అడవే కాదు, ఉత్త బంజరు. రైతును తప్పుపట్టి లాభం లేదు. బంజరన్న మాట ఆయనకు నేర్పింది మన రెవెన్యూ రికార్డులే.

చాలా ఏళ్లు జాడ లేకుండా పోయాక, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో కొందరు పక్షి పరిశీలకులు దీని కూతను రికార్డు చేశారు. ఆ కూత వినిపించిన నేల రెవెన్యూ కాగితాల్లో ఏమని రాసి ఉందో చూడాలని నాకు ఆత్రంగా ఉంది.