దడికి తడి

అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు కొన్న తెలుగువాడి జీవితంలో ఒక శనివారం తప్పకుండా వస్తుంది. డెక్ మీద కాఫీ తాగుతుంటే వెనకింటాయన చెయ్యి ఊపుతాడు. అంతే, మన ప్రైవసీకి ఘోరమైన భంగం. పక్క వాటాలో పప్పు మాడితే మనింట్లో కిటికీలు మూసుకునే కొంపల్లో పెరిగినోళ్ళకి ఈ ప్రైవసీ ఎప్పుడు అలవాటయిందో తెలీదు, మార్ట్‌గేజ్ కాగితాల్లో ఎక్కడో దానిక్కూడా సంతకం పెట్టేసుంటాం.

దీనికి శాస్త్రీయ పరిష్కారం థూజా గ్రీన్ జయంట్ అనే చెట్టు. ఏడాదికి మూడడుగులు పెరుగుద్ది, చలికాలంలోనూ ఆకు రాల్చదు. డెన్మార్క్ నుంచి 1967లో వాషింగ్టన్ నేషనల్ ఆర్బోరేటమ్‌ అనే చెట్ల తోటకి వచ్చిన హైబ్రిడ్ ఇది, అంటే మనకన్నా సీనియర్ ఇమ్మిగ్రెంట్ అన్నమాట, పైగా పేరులోనే గ్రీన్ ఉంది కాబట్టి ఏ క్యూలోనూ నిలబడక్కర్లేదు. హెచ్‌ఓఏకి అంటే కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘానికి స్కెచ్ గీసి పంపి, పర్మిషన్ వచ్చాక ఆరేసి అడుగుల దూరంలో పదకొండు నాటించాం. ఎప్పుడు? మే నెలాఖర్లో. ఇక్కడ చెట్లు నాటాల్సింది ఆకురాలు కాలంలో అని అందరికీ తెలుసు, నాకు జూన్‌లో తెలిసింది.

అప్పట్నుంచి నా ఉద్యోగం నీళ్ళు పెట్టడం. మొదటి రెండు వారాలు రోజూ, ఆ తర్వాత మూడు నెలలదాకా రెండుమూడు రోజులకోసారి, ఆపైన వేళ్ళు కుదురుకునేదాకా వారానికోసారి. మొదలు అంగుళం మందం ఉంటే తడికి గ్యాలన్, గ్యాలన్నర. స్ప్రింక్లరయితే జార్జియా రూలు ప్రకారం సాయంత్రం నాలుగు నుంచి పొద్దున పదిలోపే తిప్పాలి, చేత్తో పట్టుకునే పైపుకి నొక్కితేనే నీళ్ళొచ్చే షటాఫ్ నాజిల్ ఉంటే ఆ పట్టింపు లేదు, కాబట్టి నేను ఆఫీసువాళ్ళ రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో మ్యూట్‌లో ఉన్నానంటే పైపు పట్టుకుని నిజంగానే స్టాండప్‌లో ఉన్నట్టు లెక్క.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. ఎవరికీ కనపడకూడదని చెట్లు నాటిన మనిషి, ఆ చెట్లు తన భుజాలదాకా కూడా రాకముందు, రోజూ అరగంట లుంగీలో వీధి మొత్తానికి దర్శనమిస్తున్నాడు. ఇదివరకు వెనకింటాయన ఒక్కడే చెయ్యి ఊపేవాడు, ఇప్పుడు కుక్కల్ని తిప్పేవాళ్ళందరికీ నా బనీన్లు లెక్క తెలుసు.

జులైలో మూడు చెట్లు ఎర్రబారాయి. నీళ్ళు చాలట్లేదని ఇంకా పోశా. ఇంకా ఎర్రబారాయి. మా నాన్న విజిట్‌కి వచ్చి డెక్ దిగి నేరుగా వెళ్ళి మొదట్లో వేలు పెట్టి చూశాడు. "ఒరే, ఇది బంకమట్టి, వేళ్ళు కుళ్ళబెడుతున్నావు, ఎద్దడికీ ముంపుకీ ఆకు ఒకేలా మాడుద్ది, వేలు పెట్టి చూడకుండా నీళ్ళు పెడతారంట్రా?" అన్నాడు. రెండంగుళాల లోతున తడుంటే ఆ రోజు పైపు ముట్టుకోకూడదట. ఇంజినీరింగ్ చదివించింది ఎందుకో అన్నట్టు ఒక చూపు చూశాడు. తర్వాత మొదలు చుట్టూ పుట్టలా పోసిన మల్చ్ (తడి ఆరకుండా పరిచే చెక్కపొట్టు) లాగి పారేసి, కాండానికి తగలకుండా పల్చగా, మూడంగుళాలు మించకుండా పరిచాడు. ఎరువేద్దామంటే మొదటేడు వద్దన్నాడు. అన్నీ అయ్యాక అడిగాడు, "ఇంతకీ కాయేం కాస్తుంది?"

కాయదు నాన్నా, ప్రైవసీ కోసం.

"దడా? తాటాకులు కడితే మధ్యాహ్నానికి అయిపోయేది కదా. పోనీ సరుగుడు వేసినా నాలుగేళ్ళకి కొట్టి అమ్ముకునేవాడివి." తాటాకు దడికి హెచ్‌ఓఏ ఒప్పుకోదని చెప్తే, ఆ హెచ్‌ఓఏ అనే ఆయన ఏ ఊరివాడో కనుక్కోమన్నాడు.

సెప్టెంబర్‌లో తమ్ముడి పెళ్ళికి మూడు వారాలు ఇండియా వెళ్ళాల్సొచ్చింది. చెట్లు ఇంకా వారానికో తడి దశలో ఉన్నాయి. తెలుగు ఫ్రెండ్స్ అందరూ అదే పెళ్ళికో, వాళ్ళ సొంత చెట్లకో కట్టుబడి ఉన్నారు. చివరికి వెనకింటాయన్నే బతిమాలి సైడ్ గేటు తాళం, గరాజ్ కోడ్ ఇచ్చి, మట్టిలో వేలు ఎలా పెట్టాలో చూపించి ఫ్లైటెక్కాం. పాపం మంచాయన. నీళ్ళు పెట్టిన ప్రతిసారీ మా బ్యాక్‌యార్డు మొత్తం నాలుగు మూలల్నుంచీ వీడియో తీసి వాట్సాప్‌లో పంపేవాడు.