ఇండీ ఆల్బమ్‌లు మనవి కావట, సంగీతమే కాదట

వారం రోజులుగా మా విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. 2010 నుంచి 2019 దాకా ఇండీ ఆల్బమ్‌లంటూ వచ్చినవన్నీ ఇంగ్లీషు చదువుల పిల్లల ఫ్యాషనట. ఒక్కడు గదిలో కూర్చుని కంప్యూటర్లో రికార్డు చేసుకున్నది సంగీతమే కాదట. భాష రాకుండా వినడం నటనట. అసలు ఆ పదేళ్లలో ఆల్బమ్ అన్నదే చచ్చిపోయిందట. ఆ పదేళ్లూ నేను ఆ ఆల్బమ్‌లతోనే గడిపాను. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది, ఫ్యాషన్ మాట. ఇండీ అంటే ఇంగ్లీషు కాదు. సినిమా కోసం కాకుండా, పెద్ద కంపెనీ చెప్పినట్టు కాకుండా, పాడేవాళ్లు తమ పాటను తామే చేసుకోవడం. వంగపండు ప్రసాదరావు పాటలు ఏ నిర్మాత అడిగితే పుట్టాయి? జనం మధ్య పుట్టాయి, వాటిలో కొన్ని తర్వాత సినిమాల్లోకి వెళ్లాయి. జముకు చప్పుడు విని పెరిగిన మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఈ పద్ధతి కొత్తదేం కాదు.

రెండోది నన్ను నిజంగా బాధపెట్టింది. ఒక్కడు చేస్తే సంగీతం కాదని ఈ ఊళ్లో కూర్చుని ఎలా అనగలిగారు? కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు పట్టుకుని తానొక్కడే కథ, పాట, ఆట అన్నీ అయిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1919లో మన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్‌ను పక్కవాద్యంగానే చూసే రోజుల్లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు సోలో కచేరీలు చేసి మెప్పించారు. ఆయనా ఆ కళాశాల ప్రిన్సిపాలే.

ఇక గదిలో రికార్డు చేయడం సంగతి. ఆ దశాబ్దంలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన ఆల్బమ్ అలాంటిదే. మౌంట్ ఈరీ పేరుతో పాడే ఫిల్ ఎల్వరమ్ అనే అమెరికన్ 2017లో విడుదల చేసిన ‘ఎ క్రో లుక్డ్ ఎట్ మీ’. భార్య క్యాన్సర్‌తో పోయాక, ఆమె కన్నుమూసిన గదిలోనే, ఎక్కువగా ఆమె వాయిద్యాలే వాయిస్తూ రికార్డు చేశాడు. మొదటి పాటలో ఒక సంగతి చెబుతాడు. ఆమె పోయిన వారానికి ఆమె పేరు మీద పార్సిల్ వస్తుంది. విప్పితే బడి సంచీ. ఇంకా చంటిపిల్లగా ఉన్న కూతురు ఎప్పుడో బడికి వెళ్తుందని ఆమె చెప్పకుండా తెప్పించింది.

మా నాన్న పోయిన పదకొండో రోజున గంటస్తంభం దగ్గరి టైలరు ఇంటికొచ్చాడు. నాన్న కుట్టమని ఇచ్చిన రెండు పొట్టిచేతుల చొక్కాలు న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చాడు. కుట్టుకూలి ఇవ్వబోతే వద్దని దండం పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ ఆ పొట్లం విప్పకుండానే బీరువా పైఅరలో పెట్టింది. కొన్నాళ్లకు నేను ఈ పాట వింటుంటే “ఏట్రా అది, పాటా, ఏడుపా?” అని అడిగింది. సంచీ సంగతి తెలుగులో చెప్పాను. ఏమీ అనలేదు, పాట అయ్యేదాకా పక్కనే కూర్చుంది. అక్కడ ఆర్కెస్ట్రా ఉండుంటే ఆ పాట పాడైపోయేది.

భాష రాకపోతే వినకూడదా? త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలను తెలుగు రాని తమిళులు, మలయాళీలు తరతరాలుగా పాడుతున్నారు, వింటున్నారు. బెంగళూరు బ్యాండ్ అగమ్ 2017 ఆల్బమ్ ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’లో ఎలక్ట్రిక్ గిటార్లతో వినిపించే ‘మనవ్యాలకించరాదటే’ మన తెలుగే. వాళ్లు మన భాష పాడొచ్చు గానీ మనం వాళ్లది వినకూడదంటే ఎలా? ఉర్దూ, కశ్మీరీల్లో పాడే పర్వాజ్ బ్యాండ్ వాళ్ల 2014 ఆల్బమ్ ‘బారాన్’ నాకు మాట మాటకీ అర్థం కాదు. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాకు అక్కడ నటించి చూపించాల్సినవాళ్లు ఎవరున్నారు?

ఆల్బమ్ చచ్చిపోయిందన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెద్ద కంపెనీలది కాని ఇండిపెండెంట్ లేబుల్ నుంచి వచ్చిన ఆర్కేడ్ ఫైర్ బ్యాండ్ వాళ్ల ‘ద సబర్బ్స్’ 2011లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ గెలిచింది. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ దశాబ్దం చివర, 2019లో, ‘బిస్మిల్లా’ తెచ్చింది. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసలో వినాల్సిన ఆల్బమ్ అది.

2010లో ఇండియన్ ఓషన్ బ్యాండ్ వాళ్లయితే ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్‌ను నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు. ఆ పేరు ఢిల్లీలో వాళ్లు సాధన చేసుకున్న పాత బంగళా అడ్రసు. అందులో పాడిన అషీమ్ చక్రవర్తి 2009 డిసెంబరులోనే పోయారు. ఆయన పోయాక నెల నెలా ఆయన గొంతుతో పాటలు వచ్చాయి. మెసేజ్ పంపినవాళ్లకు నేను మొదట పంపింది ఈ ఆల్బమే.