సవరణ: పీఎం 2.5 అంకె, విద్యార్థులకు అండ

పర్యావరణ ఆరోగ్యంలో అధ్యాపక వృత్తి గురించి నేను రాసిన గత పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది అంకె. గాలిలో పీఎం 2.5 కణాలకు (2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్న సూక్ష్మ ధూళి కణాలు) ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వార్షిక సగటు పరిమితి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములని రాశాను. అది 2005 నాటి మార్గదర్శకం. 2021లో దాన్ని 5కి తగ్గించారు. 24 గంటల సగటు కూడా 25 నుంచి 15కి తగ్గింది. పాత అంకెతో ఎవరైనా థీసిస్ రాస్తుంటే దయచేసి మార్చుకోండి.

రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పరిశోధన కుదురుకున్నాక విద్యార్థుల సంగతి చూసుకోవచ్చని రాశాను. అలా రాయాల్సింది కాదు. ఈ రంగంలోకి కెమిస్ట్రీ, నర్సింగ్, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లంతా వస్తారు. ఒకరికి ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వస్తాయో, ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం) లెక్కలు కొత్త, మరొకరికి టాక్సికాలజీ (విషపదార్థాలు ఒంటికి చేసే హానిని చూసే శాస్త్రం) కొత్త. మొదటి సెమిస్టర్‌లోనే టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు పక్కన కూర్చుని ఓ గంట ఓపిగ్గా చెప్పే మనిషి కావాలి.

ఫీల్డ్ పని ఇంకా బరువైనది. పిల్లల రక్తంలో సీసం కొలవడానికి వెళ్లిన విద్యార్థిని "మా బాబుకి ఏమవుతుంది?" అని తల్లి అడుగుతుంది. సీసానికి ఇంత వరకు ఫర్వాలేదు అనే సురక్షిత స్థాయి ఏదీ తేలలేదు. ఆ తల్లితో ఎలా మాట్లాడాలో ముందే నేర్పడం, తిరిగొచ్చాక ఆ విద్యార్థి మనసు ఎలా ఉందో అడగడం గైడ్ బాధ్యతే.

అయితే గైడ్ కౌన్సెలర్ కాదు. వారాల తరబడి నిద్ర పట్టడం లేదని విద్యార్థి చెబితే, మనమే వైద్యం మొదలుపెట్టకుండా నిపుణుల దగ్గరికి తోడు వెళ్లాలి.