ముసలి రాజు చావడానికే ఉంటాడా?
రాజ్యాలు, యుద్ధాలు, మాయలతో నడిచే ఎపిక్ ఫాంటసీ కథల్లో ముసలి యోధరాజు పాత్ర చచ్చిపోవడానికే, కుర్ర హీరోకి దారి ఇవ్వడానికే ఉంటుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. 1954-55లో వచ్చిన టోల్కీన్ నవల 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో రోహన్ రాజు థియోడెన్‌నే చూడండి. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగిపోయి కర్ర పట్టుకుని కూర్చుంటాడు. కత్తి పిడి పట్టుకుంటే నీ వేళ్లకు పాత బలం గుర్తొస్తుందని మాంత్రికుడు గాండాల్ఫ్ అంటాడు. కాలేజీ రోజుల్లో ఈ మాట గమనించనే లేదు, యుద్ధం ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పేసేవాణ్ణి. పక్షవాతం వచ్చాక మా నాన్న చొక్కా గుండీ తనే పెట్టుకుంటానని పావుగంట పట్టుబట్టడం చూశాక, ఆ వేళ్ల సంగతి అర్థమైంది. థియోడెన్ చనిపోతాడు నిజమే, సొంత గుర్రమే మీద పడి. కానీ పొరుగు రాజ్యం గోండోర్‌కి సాయం వెళ్లాలన్న నిర్ణయం ఆయనదే, దాడిలో అందరికన్నా ముందు దూసుకెళ్లిందీ ఆయనే. ఇంకా వెనక్కి వెళ్తే, పాత ఇంగ్లీష్ కావ్యం 'బేవుల్ఫ్'లో అదే పేరున్న వీరుడు యాభై ఏళ్లు రాజ్యం చేశాక డ్రాగన్ మీదికి వెళ్తాడు. కత్తి విరిగిపోతుంది, వెంట వచ్చినవాళ్లు అడవిలోకి పారిపోతారు, విగ్లాఫ్ అనే కుర్ర యోధుడు ఒక్కడే తోడు నిలబడతాడు. అయినా ఆ ముసలాయన వెనక్కి తగ్గడు.